ఇస్త్రీ వేడి

ముందే ఒక మాట చెప్పుకోవాలి. నా రాతలో తప్పులుంటాయి. వత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తియ్యాలో నాకు ఇప్పటికీ తడబాటే. ఒక పేజీ నింపడానికి ఒక పూట పడుతుంది. మధ్యలో వేళ్ళు పట్టేస్తే లేచి నాలుగు దుప్పట్లు మడతపెట్టి వచ్చి మళ్ళీ కూర్చుంటాను. చదివేవాళ్ళు నాతోపాటు కాస్త నెమ్మదిగా నడవాలి. నేను అక్షరాలు నేర్చుకున్నది అరవై దాటాక, ఒక చలికాలంలో. చెప్పబోయేది కూడా ఆ చలికాలం సంగతే.

మా అమ్మాయి డాక్టరు. మన దగ్గర డాక్టరీ పూర్తిచేసి, పై చదువు కోసం పరాయి దేశం వచ్చింది. ఊపిరి అందనివాళ్ళనీ, గుండె ఆగేలా ఉన్నవాళ్ళనీ యంత్రాల మధ్య పడుకోబెట్టే వార్డు ఉంటుంది కదా, ఆ వార్డు పని నేర్చుకునే చదువు. దాని చేతులు మహా చురుకు. ఎవరికీ దొరకని నరం దానికి దొరుకుతుందని పక్క వార్డు నర్సులు వచ్చి పిలుచుకుపోయేవారు. పుస్తకాల పరీక్షలన్నీ మొదటి దెబ్బకే గట్టెక్కింది. ఒక్క పరీక్ష దగ్గర బోర్లాపడింది. రోగి చనిపోయాడని ఆ రోగి ఇంటివాళ్ళకి చెప్పే పరీక్ష.

అలాంటి పరీక్ష కూడా ఉంటుందని నాకు తెలియదు. ఒక గది, అందులో కుర్చీలు. ఒక కుర్చీలో రోగి తాలూకు మనిషి కూర్చుని ఉంటాడు. నిజంగా తాలూకు కాదు, వేషం వెయ్యడానికి పిలిపించిన మనిషి. డాక్టరు లోపలికొచ్చి, కూర్చుని, ఆ మనిషికి చావు కబురు చెప్పాలి. పెద్ద డాక్టరు గోడ వారగా కూర్చుని చూస్తూ ఉంటాడు. మా అమ్మాయి తప్పింది ఇందులోనే. ఇంకొక్కసారి రాయనిస్తారు. అప్పుడూ తప్పితే చదువులో సీటు పోతుంది, సీటుతోపాటు ఆ దేశంలో ఉండే అనుమతీ పోతుంది.

“వంటకి మనిషి కావాలమ్మా, చలికాలం గడిచేదాకా వచ్చి ఉండు” అంది ఫోనులో. వంట చేసుకోలేని పిల్ల కాదు. గొంతు విన్నాక నేను ఇంకేమీ అడగలేదు. పెట్టె సర్దుకున్నాను.

దాని గది ఒక లాండ్రీ పైన. కింద వరసగా పెద్ద పెద్ద యంత్రాలు, బట్టలు ఉతికేవి కొన్ని, ఆరబెట్టేవి కొన్ని. బయట మంచు పేరుకున్నా మా గచ్చు మాత్రం గోరువెచ్చగా ఉండేది. పొద్దున లేస్తే కిటికీ అద్దాలు ఆవిరి పట్టి తెల్లగా ఉండేవి. అంతా బాగానే ఉంది, ఆ చప్పుడు తప్ప. ఆరబెట్టే యంత్రం తిరిగేటప్పుడు ఒక దమ్ము లాగి, కాస్త ఆగి, మళ్ళీ వదిలినట్టు వినిపిస్తుంది. ఆస్పత్రిలో మా ఆయన మంచం పక్కన పెట్టిన యంత్రం అచ్చం అలాగే ఊపిరి తీసేది. మొదటిసారి విన్నప్పుడు చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

“ఏంటమ్మా?” అంది మా అమ్మాయి.

“ఏం లేదు. కిందెవరో గురక పెడుతున్నారు” అన్నాను. నవ్వింది. అది కూడా ఆ చప్పుడుని గుర్తుపట్టిందని ఆ నవ్వు చూస్తేనే తెలిసింది. ఇద్దరం దాని గురించి ఇంకేమీ మాట్లాడలేదు. ఆయన పోయిన దగ్గర్నుంచి మా ఇద్దరి మధ్యా అంతే. బతికున్నప్పటి కబుర్లు ఎన్నైనా చెప్పుకుంటాం. ఆ ఒక్క రోజు దగ్గరికి వచ్చేసరికి ఇద్దరికీ ఏదో పని గుర్తొస్తుంది.

ఆ రోజు సంగతి ఇక్కడ చెప్పకపోతే తర్వాతది మీకు అర్థం కాదు. ఆయన బస్సుల షెడ్డులో మెకానిక్కు. జబ్బుపడితే చేర్చింది మా అమ్మాయి చదువుకుంటున్న ఆస్పత్రిలోనే. మా ఇల్లు దాని వెనక సందులోనే. ఆ రోజు మా అమ్మాయి తెల్లకోటుతో వార్డులోంచి బయటికొచ్చి, వరండాలో కూర్చున్న నాతో, “అమ్మా, నాన్నకి ఉతికిన చొక్కా ఒకటి పట్టుకురా, మార్చాలి” అంది. చొక్కా మారుస్తున్నారంటే మనిషి లేచి కూర్చుంటున్నాడన్నమాటే అనుకున్నాను. కాళ్ళు నేలమీద ఆనలేదు. ఇంటికెళ్ళి చూస్తే ఉతికిన చొక్కా నలిగిపోయి ఉంది. ఆయనకి నలిగిన చొక్కా అంటే చిరాకు, షెడ్డుకి కూడా ఇస్త్రీ చొక్కా వేసుకునే వెళ్ళేవాడు, వెళ్ళిన అరగంటకి గ్రీజు పూసుకునేవాడు. అందుకని ఇస్త్రీ చేశాను. కాలరు సరిగా కూర్చోలేదని మళ్ళీ తిప్పి చేశాను. ఒక బొత్తాం వదులుగా ఉంటే కుట్టి, దాని మీద ఇంకోసారి పెట్టె తిప్పాను. వేడి పోకుండా మందపాటి తువ్వాలులో చుట్టుకుని పరిగెత్తాను.

నేను వెళ్ళేసరికి యంత్రం ఆపేసి ఉంది.

నర్సులు ఆ చొక్కానే ఆయనకి తొడిగారు. నేను గుండెల మీద చెయ్యి పెట్టాను. వెచ్చగా తగిలింది. అయ్యో, ఇప్పుడే, ఈ క్షణమే పోయాడు అనుకున్నాను. ఆ కాలరు రెండోసారి తిప్పకపోతే, ఆ బొత్తాం కుట్టకపోతే, ఆయన కళ్ళు తెరిచి ఉండగా చేరేదాన్ని. తలుపు వైపు చూస్తూ నాకోసం ఎదురుచూసి ఉంటాడు. నేనేమో ఇంట్లో కాలరు చక్కదిద్దుతున్నాను.

ఈ మాట ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత ఇస్త్రీ పెట్టె ముట్టుకోలేదు, అంతే.

మా ఎదురు గదిలో ఒకావిడ ఉండేది. ఆమె పనేమిటో తెలిసినప్పుడు నాకు నవ్వాగలేదు. డాక్టరీ చదివే పిల్లల కోసం రోగి వేషాలు వేస్తుంది. ఒక రోజు కడుపు నొప్పి, ఒక రోజు మతిమరుపు, ఒక రోజు రోగి తల్లి. మెట్ల మీద ఎదురై బాగున్నావా అని నేను సైగ చేస్తే, పొద్దున అల్సరు, మధ్యాహ్నం మెదడులో గడ్డ, సాయంత్రానికి మాత్రం కులాసా అని చేతులు తిప్పి చెప్పేది. ఆమె మాట నాకు తెలియదు, నా మాట ఆమెకి తెలియదు. మధ్యలో మా అమ్మాయి అటుదిటూ ఇటుదటూ చెప్పేది. నేను ఆమెని వేషాలావిడ అనేదాన్ని. అంటే ఏమిటో తెలుసుకుని, తలుపు మీద ఆ పేరే రాయించుకుంటానంది.

పెద్ద డాక్టరు మా అమ్మాయికి ఒక సలహా ఇచ్చాడట. ముందు నీ సొంత భాషలో చెప్పడం నేర్చుకో, అందులో రానిది మా భాషలో ఎలా వస్తుందన్నాడట. ఆ గదిలో దాని సొంత భాష తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. కాబట్టి తాలూకు మనిషి వేషం నా నెత్తిన పడింది.

కిటికీ పక్కన మూడు కుర్చీలు వేశాం. ఒకటి డాక్టరుకి, ఒకటి నాకు, ఒకటి నర్సుకి. ఇలాంటి కబురు డాక్టరు ఒంటరిగా చెప్పకూడదు, పక్కన నర్సు ఉండాలని అక్కడి పద్ధతి. మాకు నర్సు లేదు. ఆ కుర్చీ ఖాళీగా ఉండేది.

నేను ఎవర్నో చెప్పే అట్టముక్క ఒకటి ఉంటుంది. అసలు పరీక్షలో వేషం వేసేవాళ్ళకీ అలాగే ఇస్తారు. నాకు చదువు రాదు కదా అంటే, అయితే నేర్చుకో, చలికాలమంతా ఏం చేస్తావు అంది మా అమ్మాయి. పొద్దున డ్యూటీకి వెళ్ళేముందు కిటికీ అద్దం మీద పట్టిన ఆవిరిలో వేలితో అక్షరాలు రాసి వెళ్ళేది. అవి కారి చెరిగిపోయేలోగా నేను దిద్దుకోవాలి. ‘అ’ నాకు త్వరగానే లొంగింది. ‘ఋ’ చూసి, ఇది అక్షరమా, జిలేబీ చుట్టే మనిషికి చెయ్యి వణికిందా అన్నాను. అద్దం ఆరాక కిందకి పోయి లాండ్రీలో బట్టలు మడతపెట్టేదాన్ని. ఊరికే కూర్చోలేక మొదలుపెడితే, నా మడతలు చూసి లాండ్రీ ఆయన రోజూ రమ్మన్నాడు. ఇస్త్రీ బల్ల చూపిస్తే మాత్రం చెయ్యి అడ్డంగా ఊపాను. నడుము నొప్పి కాబోలనుకున్నాడు. మా అమ్మాయి కూడా అలాగే అనుకుంది.

ఎలాగైతేనేం, ఒక సాయంత్రం ఆ అట్టముక్క నా అంతట నేను చదివాను. నా జీవితంలో నేను చదివిన మొదటి వాక్యాలవే. కూడబలుక్కుని, వేలు పెట్టి, ఒక్కో అక్షరం పట్టుకుని చదివాను.

“నువ్వు... ఇతని... భార్యవి. ఇతను చని... పోయా... డని నీకు ఇంకా తెలియదు.”

చదివేటప్పుడు అర్థం మీద ధ్యాస లేదు, అక్షరాలు తప్పకూడదనే ఆరాటం. చివరి కొమ్ము కూడా దాటాక తలెత్తి మా అమ్మాయి వైపు చూశాను. అది నన్ను మెచ్చుకుంటుందనుకున్నాను. అది కిటికీ వైపు తిరిగి ఉంది. బాగా చదివావమ్మా అని మాత్రం అంది.

వేషం కట్టడం నాకు మొదట చేతకాలేదు. “నమస్కారమండీ, నేను మీవారిని చూస్తున్న డాక్టర్ని” అని అది మొదలుపెట్టగానే నాకు నవ్వొచ్చేది. ఒకసారి మరీ, “అన్నం తిన్నారా డాక్టరుగారూ?” అన్నాను. ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. ఇంకోసారి కబురు చెప్పడం పూర్తి కాకుండానే ఏడుపు అందుకున్నాను. అప్పుడు తలుపు దగ్గర నిలబడి చూస్తున్న వేషాలావిడ తల అడ్డంగా ఊపింది. ఎవరూ అలా ఏడవరు, కబురు విన్నవాళ్ళు ముందు తమ సంచి జిప్పు వేసుకుంటారు అని చెప్పించింది. లేదా కారు ఎక్కడ పెట్టామో అడుగుతారు. ఏడుపు చాలాసేపటికి గానీ రాదు.

అది విన్నాక నాకు ఆ రోజు గుర్తొచ్చింది. నేనూ ఏడవలేదు. ఇస్త్రీ పెట్టె ప్లగ్గు తీసేశానా లేదా అని ఆలోచించాను.

అప్పట్నుంచి నాకు వేషం బాగా వచ్చింది. మరీ బాగా వచ్చింది. సాయంత్రాలు ఆ కుర్చీలో కూర్చోగానే కింద యంత్రం దమ్ము లాగేది, వదిలేది. మా అమ్మాయి మీరు మీరు అంటూ పరాయిదానిలా మాట్లాడేది. అప్పుడే, ఎప్పుడో సరిగ్గా చెప్పలేను, ఖాళీగా ఉన్న ఆ మూడో కుర్చీ ఖాళీగా లేదనిపించడం మొదలైంది. తిరిగి చూస్తే ఎవరూ లేరు. చూడకుండా ఉంటే మాత్రం మా ఆయన ఉన్నాడు. ఒంటి మీద చొక్కా లేకుండా, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, లోపలికి ఎప్పుడు పిలుస్తారా అన్నట్టు కూర్చునేవాడు. భయం వెయ్యలేదు. సిగ్గేసింది. చొక్కా ఇంకా తేలేదా అని అడుగుతాడేమోనని.

మా అమ్మాయి కూడా ఆ కుర్చీ వైపు చూసేది కాదు. నర్సు ఉన్నట్టు అటొకసారి చూసి తలూపాలి అని పద్ధతి. అది ఒక్కనాడూ చూడలేదు.

చలి బాగా ముదిరిన రోజుల్లో ఒక మధ్యాహ్నం వేషాలావిడని భోజనానికి పిలిచాం. తింటూ తింటూ, నీ కూతురు ఎక్కడ తప్పుతోందో నాకు తెలుసు అని సైగ చేసింది. ఆమె ఆ పరీక్షకి కాకపోయినా, అంతకుముందు ఆస్పత్రిలో జరిగిన సాధనలన్నిటికీ తాలూకు వేషం వేసింది. వివరంగా చెప్పడం మొదలుపెట్టింది. మా అమ్మాయి అన్నం కలుపుతూ ఉండిపోయింది. నాకు తిప్పి చెప్పలేదు.

“ఏమంటోంది?” అన్నాను.

“ఏం లేదమ్మా, ఏదో...”

“ఏదో కాదు. ఆమె చెప్పింది చెప్పినట్టు చెప్పు.”

అది పళ్ళెంలోకే చూస్తూ చెప్పింది. “అంతా సరిగానే చేస్తానట. కూర్చుంటానట, మెల్లగా మాట్లాడతానట. అసలు మాట దగ్గరికి వచ్చేసరికి...” ఆగింది. వేషాలావిడ మళ్ళీ ఏదో అంది, చేత్తో తలుపు చూపించింది. “అసలు మాట దగ్గరికి వచ్చేసరికి వాళ్ళని బయటికి పంపేస్తానట. ఏదో ఒకటి తెమ్మని. ఒకసారి పిల్లాడి బొమ్మ తెమ్మన్నానట. ఒకసారి మంచినీళ్ళు తెచ్చుకోమన్నానట. ప్రతిసారీ తనని ఏదో ఒక పని మీద గది దాటించేస్తానట.”

వేషాలావిడ నవ్వుతూ నా వైపు చూసింది, మీ అమ్మాయి దగ్గర నాకు కాళ్ళ నొప్పులు అన్నట్టు మోకాలు రుద్దుకుంది. మాలో ఎవరమూ నవ్వలేదని గమనించి మెల్లగా చెయ్యి తీసేసింది.

నేను నోట్లో ముద్ద పెట్టుకున్నాను. 

ఆ తర్వాత నాకు నిద్రా తిండీ సరిగా లేవు. ఆ రోజు నన్ను చొక్కాకి పంపిందీ ఇలాగేనా అన్న ఒక్క ప్రశ్న. అడిగితే అయిపోతుంది. కానీ పరీక్ష దగ్గర పడుతోంది. అడిగి, అది కుప్పకూలితే, దాని చదువంతా నేనే బూడిదలో పోసినట్టవుతుంది. అడక్కపోతే ఆ మూడో కుర్చీలో ఆయన అలాగే కూర్చుని ఉంటాడు. దాన్ని చూస్తుంటే ఒక పూట జాలి, ఒక పూట కోపం. సాధన మాత్రం మానలేదు. ఇప్పుడు నేను దాని మాటలు కాదు, ఎక్కడ ఆగుతోందో చూస్తున్నాను. ఆవిడ చెప్పింది నిజమే. మీవారికి గుండె ఆగిందండీ, మేము చెయ్యాల్సిందంతా చేశాం అంటుంది. అని, నా కళ్ళలోకి చూసి, “మీరొకసారి బయటికెళ్ళి మీవాళ్ళకి ఫోను చేసి రండి” అనేస్తుంది. నేను లేచి వెళ్ళి మెట్ల మీద నిలబడతాను. లోపల అది తల పట్టుకుని కూర్చుంటుంది.

పరీక్షకి ముందు ఆదివారం లాండ్రీ మూసి ఉంది. యంత్రాలు తిరగడం లేదు. ఆ గదికి వచ్చాక అంత నిశ్శబ్దం నేను వినలేదు. గచ్చు కూడా చల్లబడింది. మధ్యాహ్నం వెలుగులో కుర్చీలు సర్దుకుని ఆఖరిసారి కూర్చున్నాం. అట్టముక్క నా చేతిలో పెట్టింది. ఆ మొదటిదే. దాన్ని చదవకుండా ఒళ్ళో పెట్టుకున్నాను.

అది పద్ధతి ప్రకారం మొదలుపెట్టింది. “నమస్కారమండీ. ఇక్కడ కూర్చోవచ్చా? ఇప్పటిదాకా ఏం జరిగిందో మీకు తెలిసింది చెబుతారా?”

“ఊపిరాడటం లేదని తీసుకొచ్చాం” అన్నాను. “పొద్దున కాస్త తేటగానే ఉన్నాడు. మా అమ్మాయి కూడా ఇక్కడే చదువుతోంది. అదే లోపలికెళ్ళి చూసొచ్చింది.”

అట్టముక్క మీద అమ్మాయి సంగతి లేదు. దాని ముఖంలో రంగు మారడం చూశాను. అయినా ఆగలేదు. ఆగితే ఇంకెప్పుడూ మొదలుపెట్టలేనని తెలుసు.

“ఇప్పుడే బయటికొచ్చి, ఉతికిన చొక్కా ఒకటి పట్టుకురమ్మంది. మార్చాలట. ఇల్లు వెనక సందులోనే. ఇలా వెళ్ళి అలా వచ్చేస్తానండీ.”

సంచి తీసుకుని లేచాను. తలుపు దాకా నడిచాను.  గొళ్ళెం మీద చెయ్యి వేశాను.

“ఆగండి” అంది. గొంతు డాక్టరుదే. “మీరు వెళ్ళొద్దు.”

“చొక్కా తేవాలి కదా.”

“అమ్మా, వెళ్ళకు. నాన్న చనిపోయారు.”

నేను వెనక్కి వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను. సంచి జిప్పు వేసుకున్నాను. కబురు చెప్పాక డాక్టరు నోరు విప్పకూడదు, అవతలి మనిషి మాట్లాడేదాకా ఎంతసేపైనా అక్కడే ఉండాలి, అది పద్ధతి. మా అమ్మాయి కదల్లేదు. కళ్ళు దించుకోలేదు.

“ఎప్పుడు?” అన్నాను.

“నేను బయటికి రాకముందే.”

“చొక్కా అడక్కముందే?”

“ముందే. ఆ వార్డు పెద్ద డాక్టరు, మీ అమ్మని ఏదో ఒకటి తెమ్మని పంపు, ఈలోగా గొట్టాలు తీసి శుభ్రం చేద్దామన్నారు. అక్కడ అందరినీ అలాగే పంపేవాళ్ళం, మందులనీ, దుప్పటనీ. నాకు చొక్కా తోచింది.”

కిందెక్కడో గొట్టంలో నీటి చుక్క పడుతోంది. అది కూడా వినిపిస్తోంది.

“అయితే నేను ఇస్త్రీ చెయ్యకుండా తెచ్చినా...”

దానికి అర్థం కాలేదు. అప్పుడు చెప్పాను. కాలరు రెండోసారి తిప్పిన సంగతి, బొత్తాం కుట్టిన సంగతి. ఆ వెచ్చదనం సంగతి. ఇస్త్రీ పెట్టె ఎందుకు ముట్టుకోనో, అది కూడా.

ఇప్పుడు కబురు వినే వంతు దానిదైంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని విన్నది. “ఇన్నేళ్ళూనా అమ్మా?” అంది.

“ఇన్నేళ్ళూ.”

“చెయ్యకుండా తెచ్చినా అంతేనమ్మా. ఎగురుకుంటూ వచ్చినా అంతే.”

నాకు కోపం రాలేదంటే అది అబద్ధం. వచ్చింది. లేచి వెళ్ళి తోమిన గిన్నెలే మళ్ళీ తోమాను, పక్కగదివాళ్ళు గోడ తట్టేటంత చప్పుడు చేస్తూ. అది అడ్డం రాలేదు, సర్ది చెప్పలేదు, వంకలు చెప్పలేదు. నా పక్కన నిలబడి ఒక్కో గిన్నే అందుకుని తుడిచిపెట్టింది. తుడిచినదే నేను మళ్ళీ తీసి తోమితే, మళ్ళీ తుడిచింది. చివరికి నేనే అలిసిపోయాను.

“నీ మొహం” అన్నాను. “టీ పెట్టు.”

పరీక్ష రోజు పొద్దున అద్దం మీద అక్షరాలేమీ రాయకుండానే వెళ్ళింది. నేను కిందకి పోయి మడతలకి కూర్చున్నాను. ఒక ఖాతాదారు చొక్కాలు అప్పుడే ఇస్త్రీ బల్ల మీంచి వచ్చాయి. బయట మంచు పడుతోంది, తడవకుండా ఇవ్వమని లాండ్రీ ఆయన సైగ చేశాడు. వాటిని మందపాటి తువ్వాలులో చుట్టి పక్కన పెట్టాను. ఖాతాదారు రాలేదు. ఈలోగా దుప్పట్లు మడతపెట్టాను, మేజోళ్ళు జతలు చేశాను, గచ్చు ఊడ్చాను. చివరికి ఆయన వచ్చి, ఒక చొక్కా అక్కడే వేసుకుంటానన్నాడు. మూట విప్పాను. పైవి చల్లగా ఉన్నాయి. మధ్య చొక్కా తీసి దులిపి, మడత సరిచెయ్యడానికి అరచెయ్యి దాని గుండెల మీద పెట్టాను.

వెచ్చగా తగిలింది.

 ఖాతాదారు చెయ్యి చాచి ఎదురుచూస్తున్నాడు. ఆ రోజు నా చేతికి తగిలింది మా ఆయన కాదు. నేను ఇంటి నుంచి తెచ్చిన వేడి. ఇన్నేళ్ళూ ఆయన దగ్గర్నుంచి నాకు మిగిలిన ఆఖరి వెచ్చదనం అదేననుకుని, దాన్ని తలుచుకుని కుమిలిపోయాను, దాన్నే తలుచుకుని బతికాను కూడా. అది నా ఇస్త్రీదే.

చొక్కా ఖాతాదారుకి ఇచ్చేశాను.

సాయంత్రం మా అమ్మాయి మెట్లెక్కి వస్తుంటే అడుగుల చప్పుడు బట్టే తెలిసింది. చెప్పింది. ఈసారి ఒక కుర్రాడు కొడుకు వేషం వేశాడట. అసలు మాట వింటాడనగా లేచి, కారు అడ్డంగా పెట్టాను, తీసి వస్తానన్నాడట. ఉండనివ్వండి, అడ్డమైతే వాళ్ళే చూసుకుంటారు, మీరు కూర్చోండి అందట. కూర్చున్నాక చెప్పిందట. చెప్పి, నర్సు వైపు ఒకసారి చూసి, అతను మాట్లాడేదాకా ఊరుకుందట. కాయితం తర్వాత వచ్చింది, పాసయిందని. వేషాలావిడ ఇక మా అమ్మాయి దగ్గర తనకి కాళ్ళ నొప్పులు తగ్గినట్టేనంది.

నేను ఆ మాటల మధ్యలో మూడో కుర్చీ వైపు తిరగకుండా చూశాను, ఎలా చూస్తే ఉంటాడో అలా. లేడు. మర్నాడూ లేడు. చొక్కా కోసం కూర్చున్నవాడు కాదు కాబోలు. నేను కూర్చోబెట్టిన మనిషి. మనసు తేలికపడాలి కదా. పడింది. తేలికపడ్డ చోట చలిగా ఉంది, అంతే.

ఇక పని లేదని మా అమ్మాయి ఆ కుర్చీని మెట్ల కింద పెట్టేసింది. నేను మళ్ళీ పైకి తెచ్చుకున్నాను. చలికాలం గడిచినా నేను తిరిగి వెళ్ళలేదు. ఇప్పుడు లాండ్రీలో ఇస్త్రీ కూడా నాదే. కాలరు సరిగా కూర్చోకపోతే రెండోసారి తిప్పుతాను. సాయంత్రం మిగిలిన చొక్కాలు పైకి తెచ్చి ఆ కుర్చీ మీద పెడతాను. చల్లారేదాకా దాని పక్కనే కూర్చుంటాను.

రాసింది ఎవరని పేరు అడుగుతారు కాబట్టి చెబుతున్నాను, ఇక్కడ అందరూ నన్ను మడతలమ్మ అంటారు. అసలు పేరు పిలిచే మనిషి పోయాడు. వయసు అరవై ఆరు. ఉంటున్నది నా కూతురితో, లాండ్రీ మీద గదిలో, ఆవిరి పట్టే కిటికీ పక్కన.